బిట్రగుంట తీరము : యవన స్థలములు, తొలి క్రైస్తవ స్థలములు

బిట్రగుంట యనగానే పెద్దలకు రైలుబండియే జ్ఞప్తికి వచ్చును. నెల్లూరికిని కావలికిని నడుమ, విజయవాడనుండి చెన్నపట్టణమునకు పోవు మార్గముపై నున్న యీ యూరు ఆవిరియంత్రముల కాలమున పెద్ద షెడ్డునకును, ఆంగ్లో ఇండియను కుటుంబముల నివాసమునకును పేరు వడసినది. ఆ యంత్రములు పోయినవి. వానితో నాటి సందడియు పోయినది. సమీపమున కొండబిట్రగుంటలో ప్రసన్న వేంకటేశ్వరుని కోవెల కలదు. తూర్పుగా కొన్ని మైళ్ళు పోయినచో బకింగ్‌హాము కాలువయు, దాని కావల సముద్రమును కనబడును. ఇట్టి చోట గ్రీకుల ప్రసక్తి గాని, తొలినాటి క్రైస్తవుల ప్రసక్తి గాని యేల వచ్చునని చదువరులు ప్రశ్నింపవచ్చును.

ఏథెన్సు, కొరింథు, ఎఫెసు, పత్మాసు మున్నగు చోట్లకు పోయి ప్రాచీన గ్రీకుల కట్టడములను, అపొస్తలులు సంచరించిన తావులను చూచివచ్చుట పాశ్చాత్యదేశములలో బహుకాలముగా నున్న యాచారము. అట్టి యాత్ర మన తీరమున సాధ్యమా యని మా పరిశోధక విద్యార్థులు కొంద ఱడిగిరి. సాధ్యమే యని మా సమాధానము. అయితే చూచునది తక్కువ, విచారింపవలసినది యెక్కువ. ఈ యాత్రకు బిట్రగుంటను మొదటి మజిలీగా మేము గైకొనుటకు కారణమున్నది. దీనికి ఉత్తరమున మోటుపల్లి, ఘంటసాల. దక్షిణమున నెల్లూరు, మైలాపురము. యవననావికులు పేర్కొన్న తీరమునకును, తోమా అపొస్తలుని పేరిట వెలసిన తీరమునకును ఇది యించుమించు నడిమిచోటు. ఇచట నిలిచి రెండువైపులను చూడవచ్చును.

ఈ విషయమున జాగరూకత యేల వలయునో ముందే చెప్పుట మంచిది. స్వగ్రామాభిమానము చెడ్డది కాదు. కాని ఉపాధ్యాయుడు తరగతిలో ఊహగా చెప్పిన మాట యిరువదియేండ్లకు ఊరిచరిత్ర యగును. ఆపై నది బస్సుల మజిలీవద్ద పలకపై కెక్కును. పలక కెక్కిన తరువాత దానిని దింపుట యెవరితరమును కాదు. మన తీరమున యవనులు దిగిరనుటకు మంచి సాక్ష్యము లున్నవి. అవి వేఱొకచోట నున్నవి. వానిని తెచ్చి మన యూరి కంటించుట చరిత్ర కాదు.

మొదట గ్రంథసాక్ష్యము. క్రీస్తుశకము మొదటి శతాబ్ది నడుమ ఐగుప్తునందలి గ్రీకు వర్తకు డొకడు ఎఱ్ఱసముద్రయాత్రను గూర్చి వ్రాసిన పెరిప్లస్ అను చిన్ని గ్రంథమున తూర్పుతీరమున మసాలియా యను దేశ మున్నదనియు, అచట సన్నని నూలుబట్టలు విస్తారముగా నేయబడుననియు నున్నది. వర్తకునకు కావలసినది సరకు. కావున రాజులపేర్లకంటె బట్టలనే అతడు బాగుగా గుర్తుంచుకొనెను. రమారమి 150వ సంవత్సరమున అలెగ్జాండ్రియాలో టాలమీ తన భూగోళమును కూర్చెను. అతడు మన దేశమునకు వచ్చినవాడు కాడు. నావికులు చెప్పిన పేర్లను, దూరములను సేకరించి అక్షాంశరేఖాంశములకు మార్చినవాడు. అతని పట్టికలో అరువర్నులనెడి జనుల తీరమున పొదుకే, మెలంగె యను రేవులు, తరువాత త్యున యను నదీముఖము, ఆ పిమ్మట కొత్తిస్, మనార్ఫ యను స్థలములు. ఆపై మైసోలియా దేశము, మైసోలస్ నదీముఖము, కొంటకొస్సుల రేవు, కొడ్డూర, అల్లొసుగ్నె రేవు వరుసగా చెప్పబడినవి. అల్లొసుగ్నెను దాటినంతనే సువర్ణభూమికి పోవు నావలు తీరమును విడిచి నడిసముద్రమున కేగునని కూడ అతడు వ్రాసెను.

ఇందు త్యున యనునది పెన్నానదియనియు, మైసోలస్ కృష్ణయనియు పెక్కుమంది పండితు లంగీకరించిరి. మైసోలస్ గోదావరి యన్నవారును లేకపోలేదు. పెన్నకు త్యున యేల యయ్యెనన్నచో, గ్రీకులిపియందు పకార తకారముల పెద్దయక్షరములు రూపమున దగ్గఱివి. ప్రతి వ్రాయువాని కన్ను తప్పినచో ప్యున త్యున కావచ్చును. మన తాళపత్రములతో పనిచేసినవారి కీ సంగతి వేఱుగ చెప్పనక్కఱలేదు. ఈ గుర్తింపులు సరియైనచో బిట్రగుంట తీరము త్యున మైసోలస్ నదుల నడుమ పడును. టాలమీ యచట చెప్పిన పేర్లు రెండే: కొత్తిస్, మనార్ఫ. ఇవి నేటి యే యూళ్ళో నిర్ణయించుటకు తగిన యాధారము లేదు. తీరమున 'కొత్త' యని మొదలగు ఊళ్ళు పదులకొలది కలవు. వానిలో దేనినైనను కొత్తిస్‌తో జతపఱుప వచ్చును. ఏదైనను సరిపోవుచున్నదన్నచో ఏదియు సరిపోలేదనియే యర్థము.

అరువర్నుల పేరు మాత్రము భాషాభ్యాసులకు విలువగలది. ప్రాచీన తమిళమున అరువనాడు, అరువాళర్ అను పేర్లు కలవు. తమిళమును మనము అరవ మనుట యీ పేరునుండియే వచ్చినదని పలువు రభిప్రాయపడిరి. అట్లయినచో మన నిత్యవ్యవహారమున నున్న యొక మాట పదునెనిమిదివందల యేండ్లక్రిందట గ్రీకుపట్టిక కెక్కినదన్నమాట. ఇట్టి చోటనే తెలుగుశాఖవారికి పురావస్తుశాఖవారికంటె కొంత యధికారము కలదు.

స్థలనామములను పోల్చుటలో మేము పాటించు నియమమునకు బిట్రగుంటయే నిదర్శనము. శకవర్షము 1278, అనగా క్రీస్తుశకము 1356 నాటి తామ్రశాసన మొకటి బిట్రగుంట శాసన మను పేర శాసనాభ్యాసుల కెల్ల పరిచితము. విజయనగర మూలపురుషులలో కంపరాజు కుమారుడగు రెండవ సంగముడు బిట్రగుంటను దానమిచ్చి, తన గురువగు శ్రీకంఠనాథుని పేర శ్రీకంఠపురమను నామాంతరము కల్పించెను. శాసనమును రచించినవాడు సాయణమాధవుల తమ్ముడగు భోగనాథుడు. రాజు పెట్టిన పేరు, మహాకవి వ్రాసిన పేరు, రాగిఱేకుపై చెక్కిన పేరు. ఆఱువందల యేండ్లు గడచిన పిదప శ్రీకంఠపురము రాగిఱేకుపైననే మిగిలినది. గుంట పేరు జనుల నోట మిగిలినది. నెల్లూరికిని విక్రమసింహపురి యను పేరుండెను. కవులును, ఇటీవలి విశ్వవిద్యాలయమును దానిని నిలిపిరి గాని టిక్కెట్టు కొనువాడు నెల్లూరనియే యడుగును. కావున నావికుడు రేవున విన్నది జనుల మాటయే కాని రాజశాసనపు మాట కాదని తలంచుట యుక్తము. టాలమీ పేర్లను సంస్కృతనామములతో కాక దేశ్యనామములతోను, ప్రాకృతనామములతోను ముందు పోల్చిచూడవలయును.

ఈ నియమము ఫలించినచోటు ఘంటసాల. కృష్ణాతీరమునకు చేరువనున్న యీ గ్రామమున బౌద్ధస్తూపావశేషములు బయల్పడినవి. నాగార్జునకొండయందు ఇక్ష్వాకురాజగు వీరపురుషదత్తుని పదునాలుగవ రాజ్యవర్షమున బోధిసిరి యను ఉపాసిక వేయించిన ప్రాకృతశాసనము కలదు. అందామె చేసిన దానములను చెప్పుచు కంటకసోలయందలి మహాచైత్యము తూర్పువాకిట రాతిమండపము కట్టించినట్లు వ్రాయించెను. టాలమీ కొంటకొస్సుల, బోధిసిరి కంటకసోల, నేటి ఘంటసాల: మూడింటికిని వరుస కుదిరినది. అంతటితో నాగక, ఘంటసాల శాసనములలో మహానావికుడగు సివకుని పేరు కూడ వచ్చుచున్నది. పేరు కలిసినది, కాలము కలిసినది, ఓడవాడును కనబడినాడు. గుర్తింపనగా నిట్లుండవలయును. అల్లూరినో మఱొకదానినో అల్లొసుగ్నె యని చెప్పువారు ఘంటసాల గుర్తింపునందలి మూడుమెట్లలో నెన్ని మెట్లెక్కిరో తమకు తామే చూచుకొనవలయును. మైసోలియాకును మచిలీపట్టణమునకును గల ధ్వనిసామ్యము వినుట కింపుగానున్నను, నడుమ శతాబ్దుల గొలుసు అతుకవలసియే యున్నది.

నాగార్జునకొండను ఈ యాత్రలో చేర్చుట యవసరమే, తీరమునకు దూరమైనను. అచటి శిల్పములలో గడ్డము, మధుశృంగము గల పురుషు డొకడు కలడు. గ్రీకుల మధుదేవతయగు డయొనైసస్ రూపపు ఛాయ యతనియందు పలువురు చూచిరి. మెట్లమెట్లుగా కూర్చుండు తావులు గల రంగస్థల మొకటి బయల్పడినది. నాగార్జునసాగరమున మూలస్థలము మునిగిన పిమ్మట కొన్నిటిని కొండపైని ప్రదర్శనశాలకును, రంగస్థలమును అనుపునకును మార్చి నిలిపిరి. మెట్లున్నవి కావున గ్రీకుల నాటకశాల యని తొందరపడరాదు. మన కోనేళ్ళకును మెట్లు కలవు.

ఇక నెల్లూరు. మా దృష్టిలో నీ యాత్రకంతటికి ముఖ్యమైన సంగతి యిదియే. అయినను అచట చూచుట కేమియు లేదు. 1786 ప్రాంతమున నెల్లూరి చేరువ నొక రైతు రాతికొండ ప్రక్కను దున్నుచుండగా నాగలి ఇటుకకట్టుకు తగిలెను. త్రవ్వగా చిన్న దేవాలయపు శిథిలము, దానిక్రింద నొక చిన్నకుండ, కుండనిండ రోమక సువర్ణనాణెములు. చెన్నపట్టణపు గవర్నరుగా నుండిన అలెగ్జాండర్ డేవిడ్‌సన్ 1787లో వ్రాసిన లేఖవలన మన కీ కథ తెలిసినది. ఆ లేఖ ఏషియాటిక్ రిసర్చెస్ రెండవ సంపుటమున అచ్చయినది. రైతు వానిని పాతబంగారముగా నమ్మివేసెను. పెక్కులు కరగిపోయినవి. ఆర్కాటు నవాబు కుమారుడగు అమీరుల్ ఉమరా ముప్పదికి పైగా సంపాదింపగలిగెను. వానిలో రెంటిని ఏరుకొనుమనగా గవర్నరు హేడ్రియను నాణెమును, ఫౌస్టినా నాణెమును తీసికొనెను. ట్రేజను చక్రవర్తి నాణెములును అందుండెను. ఇవన్నియు రెండవ శతాబ్దివి. టాలమీ అలెగ్జాండ్రియాలో పట్టిక వ్రాయుచుండిన కాలమే యిది.

ఆ లేఖలో నొక వివరము చరిత్రకారుల కంటె మన కెక్కువ పనికివచ్చునది. నాణెములలో కొన్ని టంకశాలనుండి నిన్న వచ్చినట్లు మెఱయుచుండెనట. మఱికొన్ని యఱిగి, చిల్లులుపడి యుండెను. చేతికో మెడకో ఆభరణముగా ధరించియుందురని డేవిడ్‌సన్ ఊహించెను. మన యిండ్లలోని కాసులపేరు నెఱిగినవారి కిది యూహగాకూడ తోచదు. సంస్కృతమున నిష్కశబ్దము నాణెమునకును కంఠాభరణమునకును చెల్లుచున్నది. రోమక చక్రవర్తి ముఖము ఆంధ్రవనిత మెడలో వ్రేలాడెనన్నమాట. ఆ ముఖ మెవరిదో యామెకు తెలియదు, తెలియవలసిన పనియు లేదు. బంగారము మంచిదైన చాలును. ఈ దేశమున రోమకనాణెము కొంత చలామణికిని, కొంత లోహముగాను, కొంత నగగాను వాడబడెననుట కిట్టి చిల్లులే సాక్ష్యము. 1889లో వినుకొండయందు టైబీరియసు మొదలు కారకల్లా వఱకు గల చక్రవర్తుల సువర్ణనాణెముల నిక్షేపము దొరకినది. దొరకిన చోటెల్ల రోమకులు కాపురముండిరని చెప్పరాదు. నాణెమునకు కాళ్ళు లేకున్నను చేతినుండి చేతికి చాలదూరము పోవును.

నెల్లూరి నిక్షేపమున కరగిన నాణెములెన్నో తెలియదు. కుండ యే గుడిక్రింద నుండెనో, గుడి యే కాలముదో, కొండ యేదో యెవరును వ్రాసియుంచలేదు. ఆ రైతును తప్పుపట్టుట మా యుద్దేశము కాదు. నాడు చట్టము లేదు, అడుగువాడును లేడు. నిక్షేపచట్టము 1878లో వచ్చినది. అప్పటినుండి పదిరూపాయల విలువ దాటిన నిక్షేపము దొరకినచో కలెక్టరునకు తెలుపుట విధి. ఆంధ్రదేశమునకును యవనదేశమునకును గల సంబంధమును గూర్చి యొక పెద్ద యధ్యాయ మా కుండలో నుండెను. మనకు మిగిలినది దాని చివరిపుట.

పాండిచ్చేరి చేరువనున్న అరికమేడును గూర్చి కొద్దిమాటలు చాలును. 1945లో వీలరు త్రవ్వించినపుడు ఇటలీ దేశపు ఎఱ్ఱని పాత్రలు, ద్రాక్షమద్యపు జాడీలు దొరకినవి. టాలమీ పొదుకే యిదియే యని సాధారణాభిప్రాయము. అడుగున చక్రముతో నొత్తిన చుక్కలవరుసలు గల నున్నని పాత్రలనుకూడ ఆనాడు మధ్యధరాదేశములనుండి వచ్చినవనిరి. తరువాత మంటిని పరీక్షింపగా అవి యీ దేశపుమంటితోనే చేసినవని తేలినది. అట్టి పెంకులు ధరణికోట, అమరావతులలోను దొరకుచున్నవి. 1950 ప్రాంతపు పుస్తకములను చూచి ఆ పెంకులున్న ప్రతిచోటును యవనస్థావరమని వ్రాయు విద్యార్థులు నేటికిని కలరు. వారీ సవరణను గమనింతురు గాక.

రాళ్ళలో, పెంకులలో కంటె యవనులు మన నోటిలో నెక్కువ మిగిలిరి. జ్యోతిషమున హోర, కేంద్రము, జామిత్రము గ్రీకుమాటలే. పల్లెలో పంచాంగము వినువాడు వానిని దేవభాషయనియే తలంచును. లిప్తపాటున జరిగెనని మన మనునపుడు ఆ లిప్తయు గ్రీకే. సొరంగమునకు మూలమైన సురంగశబ్దము గ్రీకున గొట్టమును, సొరంగమును దెలుపు మాటనుండి వచ్చినదని పెక్కురి మతము. దీనారము రోమకుల నాణెము. గ్రీకులద్వారా సంస్కృతమున కెక్కి, గుప్తుల సువర్ణనాణెమునకు పేరై, శ్రీనాథుని పేర నున్న చాటువువఱకు నడచివచ్చినది. ఈ దీనారముతో మఱల పని పడును.

ఉత్సాహమున కళ్ళెము వేయుటకు ఇంకొక యుదాహరణ. ఐగుప్తున ఆక్సిరింకస్‌లో దొరకిన గ్రీకు ప్రహసనపత్ర మొకటి 1903లో అచ్చయినది. అందలి కథ భారతతీరమున జరుగును. స్థానికుల సంభాషణలు గ్రీకేతరభాషలో నున్నవి. అది కన్నడమని 1904లో హుల్చ్ అనెను. తుళువని తరువాత మఱియొకరు వాదించిరి. అర్థములేని హాస్యధ్వనులే యనువారును కలరు. తెలుగువారము మన మింకను పోటీకి దిగలేదు, దిగకుండుటయే గౌరవము.

దక్షిణమునకు పోవుదము. మైలాపురమున సముద్రతీరమునకు చేరువ శాంతోము దేవాలయము కలదు. నేటి కట్టడము పందొమ్మిదవ శతాబ్ది చివర, 1896 నాటికి ముగిసినది. దాని గర్భమున తోమా అపొస్తలుని సమాధి యనబడు తావున్నది. కొన్ని మైళ్ళదూరమున పరంగికొండపై నున్న ఆలయమున రాతిసిలువ యొకటి కలదు. 1547లో పోర్చుగీసువారు పునాదులు త్రవ్వుచుండగా అది దొరకెను. సిలువచుట్టును పహ్లవీ లిపిలో నొక పంక్తి యున్నది. పహ్లవీ పారసీకుల భాష. లిపినిబట్టి రమారమి ఏడెనిమిది శతాబ్దుల కాలమునకు చెందినదని పండితుల యంచనా. తూర్పుతీరమున కంటికి కనబడు క్రైస్తవచిహ్నములలో మిక్కిలి ప్రాచీనమైన దిదియే యని చెప్పుటకు వెనుదీయము. అది రుజువుచేయున దేమి? ఆ శతాబ్దులలో పారసీకసంబంధము గల క్రైస్తవు లిచట నుండిరని. అపొస్తలుడు మొదటి శతాబ్దిలో వచ్చెనని రాయి చెప్పదు, చెప్పలేదు.

తోమా కార్యములను గ్రంథము మూడవ శతాబ్ది తొలిభాగమున ఎదెస్సా నగరప్రాంతమున సురియానీభాషలో వెలసినది. దాని గ్రీకుప్రతియు కలదు. అందు రాజు గుండఫరుడు. చిరకాలము కల్పితపాత్ర యని తలంపబడిన యీ రాజు నాణెములు పంజాబు, గాంధారములలో దొరకినవి. వానిపై గ్రీకులిపిలో నతని పేరున్నది. తఖ్త్-ఇ-బాహీ శాసనమును అతనిదే. కథయందలి రాజు చరిత్రపురుషుడని తేలుట గొప్పవిషయమే. కథ యంతయు చరిత్రయని తేలుట వేఱు. ఆ గ్రంథమున మైలాపురము పేరే లేదు. తోమా యస్థికలు ఎదెస్సాలో నున్నవని నాల్గవ శతాబ్ది వారు నమ్మిరి. 384లో ఎగేరియా యను యాత్రికురాలు అచటికి పోయి సమాధిని దర్శించెను. ఆ యస్థికలు తరువాత గ్రీకుద్వీపమగు ఖియోసునకును, అటనుండి 1258లో ఇటలీదేశపు ఒర్తోనాకును చేరినవి. యాత్రికుడు గ్రీసుకు పోయి ఖియోసున నడిగినచో మైలాపురమువైపు చూపుదురు. మైలాపురమున నడిగినచో ఖియోసు మీదుగా ఒర్తోనాకు త్రోవ చెప్పుదురు. ఒక విశ్వాసము ఎంతదూరము ప్రయాణము చేసెనో చూపుటకు దీనిని మించిన దారి మా యెఱుకలో లేదు.

మార్కోపోలో పదుమూడవ శతాబ్ది చివర నీ తీరమును గూర్చి చెప్పెను. మాబారు దేశమున నొక చిన్నపట్టణమున తోమా దేహమున్నదనియు, క్రైస్తవులే కాక తురుష్కులును అచటికి యాత్రపోవుదురనియు, యాత్రికు లచటి యెఱ్ఱమన్నును రోగులకు మందుగా కొనిపోవుదురనియు వర్ణించెను. తరువాత ముత్ఫిలి రాజ్యమును, భర్తను గోల్పోయియు న్యాయముగా పాలించు రాణిని, వజ్రములను, సాలెగూటివంటి సన్నని వస్త్రములను పేర్కొనెను. ముత్ఫిలి మోటుపల్లియే, రాణి రుద్రమదేవియని పండితులు గుర్తించిరి. పండ్రెండువందల యేండ్లకు ముందు గ్రీకువర్తకుడు కొనియాడిన బట్టలే మరల వెనీసువర్తకుడు కొనియాడుట చదువరులు గమనింతురు. మోటుపల్లిలో గణపతిదేవుని 1244 నాటి యభయశాసనము నేటికిని చూడవచ్చును. గాలివానకు పగిలి ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకును పూర్వరాజులు లాగికొనుచుండగా, తాను న్యాయమైన సుంకముతప్ప మఱేమియు గైకొననని సముద్రవర్తకుల కతడు మాట యిచ్చెను. మసాలియా మొదలు ముత్ఫిలి వఱకు వర్తకులు వచ్చుటకు బట్ట కారణము. వచ్చినవారు మరల వచ్చుటకు ఇట్టి మాట కారణము.

గ్రంథమును రాయియు కలియుట యెట్లుండునో చూడగోరువారు గ్రీసునందలి కొరింథును తలచుకొందురు గాక. అపొస్తలుల కార్యములలో పౌలును గల్లియో యను రోమక అధిపతి యెదుటికి తెచ్చిరని యున్నది. డెల్ఫీలో దొరకిన క్లాడియసు చక్రవర్తి శాసనఖండములు 1905లో ప్రకటింపబడినవి. అందు గల్లియో పేరు వచ్చుటచే అతని యధికారకాలము 51, 52 సంవత్సరములని తేలినది. పౌలు చరిత్రకంతటి కదియే కాలనిర్ణయసూత్రమైనది. డెల్ఫీ యపోలో క్షేత్రము; శాసనము వేయించినవారికి పౌలెవరో తెలియదు. సాక్ష్యము పక్షపాతము లేనిచోటనుండి వచ్చుటచే విలువ హెచ్చినది. కంటకసోలను గూర్చి బోధిసిరియు నిట్టి సాక్షియే. టాలమీ యెవరో యామె వినలేదు. తోమా విషయమున మన కింకను డెల్ఫీ దొరకలేదు.

తెలుగునాట క్రైస్తవస్థలములు నిక్కముగా మొదలైనది మఱి యెప్పుడు? ప్రాచీనమనుటకును, తొలిది యనుటకును భేదమున్నది. అమెరికను బాప్తిస్తు మిషనరీ శామ్యూల్ డే 1840లో నెల్లూరు చేరెను. ఆ మిషనున కొన్నియేండ్లు ఫలమే లేకపోయెను. 1854 జనవరి 1వ తేదీ ఉదయమున జ్యూయెట్ దంపతులును, కొలదిమంది తెలుగువారును ఒంగోలు కొండపై ప్రార్థనచేసిరి; ఆ తావు నేటికిని ప్రార్థనకొండ యనబడుచున్నది. క్లఫ్ దొర 1866లో ఒంగోలున నిలిచెను. ధాతకరవు ముగియుచుండ 1878 జులై 3వ తేదీని గుండ్లకమ్మలో ఒక్కనాడే 2,222 మందికి బాప్తిస్మ మయ్యెను. కరవునకును ఆ సంఖ్యకును గల సంబంధమును గూర్చి వాదములు కలవు. అవి యీ వ్యాసమునకు పట్టవు. బిట్రగుంటకు ఉత్తరముగా తీరముననే యున్న రామాయపట్నమున వేదపాఠశాల వెలసినది.

ఈ యధ్యాయమున గ్రీకుభాష రెండవమాఱు తెలుగునకు వచ్చినది. బాప్తిస్మము, అపొస్తలుడు, పెంతెకొస్తు, క్రీస్తు: ఇవి యన్నియు గ్రీకుమాటలు, సువార్త గ్రీకుమాటకు సరియైన తెలుగుసేత. గ్రీకుల ఎక్లేసియా శబ్దమునకు మాత్రము సంఘమని యనువదించిరి. బౌద్ధశాసనములలో బోధిసిరివంటివారు దానమిచ్చిన సంఘ మీ మాటయే. మున్ను చెప్పిన దీనారము తెలుగు బైబిలున దేనారమై మరల ప్రత్యక్షమైనది. ఒకే రోమకనాణెము, ఒకటి సంస్కృతపు త్రోవను, ఒకటి బైబిలు త్రోవను వచ్చి, రెండు రూపములై మన నిఘంటువున ప్రక్కప్రక్కను కూర్చున్నవి. కావలి, బిట్రగుంట పల్లెలలో ఆదివారమునాడు కొరింథు, ఫిలిప్పీ, థెస్సలొనీక పేర్లు వినని క్రైస్తవకుటుంబము లేదు. గ్రీసుదేశపు ఊళ్ళపేర్లు పండితులకంటె వారికే బాగుగ తెలియును. వారి యుచ్చారణము నెవరైన చెవియొగ్గి వ్రాసికొనినచో మంచి సిద్ధాంతవ్యాస మగును.

యాత్రచేయువారికి మా సూచన యిది. మోటుపల్లి, ఘంటసాలలు ముందు చూచి, బిట్రగుంటమీదుగా నెల్లూరు వచ్చి, మైలాపురమున ముగింపవలయును. బటర్‌వర్తు, వేణుగోపాలచెట్టిగార్లు 1905లో ప్రకటించిన నెల్లూరు జిల్లా శాసనముల సంపుటములు మూడును వెంట నుండవలయును. తీరపుపల్లెలలో దిబ్బల పేర్లు, పాత రేవుల పేర్లు, బావుల పేర్లు ఉన్నవున్నట్లు వ్రాసికొనవలయును; ఈ పేరు గ్రీకేమో యని పల్లెవారి నడుగరాదు. అడిగినచో మర్యాదకైనను అవుననియే చెప్పుదురు. నాణెములను కొనరాదు. కాసులపేరులు చూపగల పెద్దముత్తైదువు లున్నచోట స్త్రీలగు విద్యార్థినులు పోయి చిల్లుల తీరును, కాసులపై బొమ్మలను చూచి వ్రాసికొనుట మేలు.

ఇటీవల మేమట్లే పోయినపుడు బిట్రగుంటకు తూర్పున నొక పల్లెలో ముదుసలి బెస్తవాడు, ఇసుకలో తన తాతకు దొరకినదని చెప్పి, పచ్చగా కిలుముపట్టిన రాగినాణెము నొకదానిని తెచ్చి చూపెను. కొంచెము తుడువగా రోమక సంఖ్యాచిహ్నములు, ఎక్స్ అక్షరములు రెండు, స్పష్టముగా కనబడినవి. మా విద్యార్థి యొకడు "రోమకనాణెమండీ!" యని కేకవేసెను. "తాతా, ఇది నాకిమ్మందునా, ఎంతకిచ్చెదవు?" అని యింకొకడు తొందరపడెను. నాణెమును త్రిప్పి, వెలుతురున పట్టి చూచితిమి. ఒకవైపు సింహములు మోయు కుంపిణీవారి ముద్ర, 1808 సంవత్సరము, రెండవవైపు పారసీకలిపి. అది చెన్నపట్టణపు ఇరువదికాసుల నాణెము. ఆ ముదుసలి యేమియు నొచ్చుకొనలేదు. దాని వ్యాసమును, బరువును, దొరకిన చోటును వ్రాసికొని, నాణెమును మరల నతని చేతిలోనే పెట్టి వచ్చితిమి.